వొచ్చా! అంటే వచ్చానని కాదు

లండన్‌లో ఆన్‌సైట్‌కి వెళ్ళిన మన పిల్లోడు ఒకడు మొదటి వారంలోనే నాకు ఫోన్ చేసి అడిగాడు. "రేయ్, ఇక్కడ మా బిల్డింగులో ఒక ముసలాయన రోజూ పొద్దున్నే నన్ను చూసి 'వొచ్చా' అంటాడు. తెలుగు వచ్చంటావా ఆయనకి?" వాడిది పామిడి దగ్గర. అక్కడి జనం మాట్లాడేది సగమే అర్థమౌతున్న రోజుల్లో అంత స్పష్టంగా తెలుగు మాట వినిపిస్తే ఎవరికైనా అలాగే అనిపిస్తుంది లెండి. వచ్చేది నువ్వైతే "వచ్చా" అనేది ఆయనేంట్రా అని ఇద్దరం కాసేపు నవ్వుకున్నాం.

ఆ మాటని మీరూ చూసే ఉంటారు, వినకపోయినా. హ్యారీ పాటర్ ఐదో పుస్తకంలో (2003) టాంక్స్ అనే జుట్టు రంగు మార్చే అమ్మాయి హ్యారీని పలకరించేది ఆ మాటతోనే. మన చెవికి వొచ్చా, పుస్తకాల్లో వొచ్చర్. లండన్ తూర్పు వైపు కాక్నీ జనం మాటగా దానికి పేరు. "ఏం, ఎట్లున్నావ్" అన్నంత తేలిగ్గా వాడతారు, జవాబు కోసం ఆగరు. తిరిగి నువ్వు కూడా వొచ్చా అనేస్తే చాలు. ఇప్పటి ఇంగ్లీషువాళ్ళలోనే చాలామంది దీన్ని "వాట్ ఆర్ యూ (డూయింగ్)" అనే వాక్యం అరిగిపోగా మిగిలిన ముక్క అనుకుంటారు. వినడానికి బాగానే ఉంది గానీ నిజం కాదు.

అసలు మాట "వాట్ చీర్". (మన చీరకీ దీనికీ ఏ సంబంధమూ లేదు, ఆశ పెట్టుకోకండి.) చీర్ అంటే మనకి తెలిసింది సంతోషం, ఉత్సాహం, క్రికెట్ మ్యాచులో అరుపులు. 13వ శతాబ్దంలో ఇంగ్లీషులోకి వచ్చినప్పుడు మాత్రం దానర్థం మొహం. ఒట్టి మొహం. పాత ఫ్రెంచి "షేర్" నుంచి వచ్చింది, దాని వెనక లాటిన్ "కారా" ఉంది. స్పానిష్‌లో ఈ రోజుక్కూడా కారా అంటే మొహమే. ఇంగ్లీషులో అది మెల్లగా మొహంలో కనిపించే భావం అయింది, తర్వాత మనసులో ఉన్న భావం అయింది. చివరికి మంచి భావం మాత్రమే మిగిలి సంతోషం అయింది. 15వ శతాబ్దం నుంచి "వాట్ చీర్?" అనేది పలకరింపు. అంటే, ఏం మొహంతో ఉన్నావు? మొహం ఎట్లుంది?

మా వైపు అవ్వలు తలుపు తీయగానే అడిగేది ఇదే కదా? "ఏం నాయనా, మగం అట్ల పీక్కపోయింది?" ఐదారు వందల ఏళ్ళ కిందట లండన్ సందుల్లోనూ అదే ప్రశ్న వేసుకునేవాళ్ళంటే నాకు భలే ముచ్చటేసింది. షేక్‌స్పియర్ "ది టెంపెస్ట్" (1611 ప్రాంతం) మొదటి సీన్లో తుఫానులో కొట్టుకుపోతున్న ఓడ మీద సరంగు కెప్టెన్‌తో అనేది ఈ మాటే. అక్కడ అది ఉత్త పలకరింపు కాదు, పరిస్థితేంటని అడగడం. అప్పటికింకా ఆ ప్రశ్నలో ప్రాణం ఉంది. ఆ తర్వాత నాలుకల మీద అరిగీ అరిగీ వాట్ చీర్ కాస్తా వొచ్చర్, వొచ్చా అయింది. ఇది ఒక్క లండన్‌దే అనుకోవడం కూడా పొరపాటు. ఉత్తరాన బొగ్గుగనుల న్యూకాజిల్ వైపు వాళ్ళు దాన్ని "వొట్ చియర్" లాగా ఉంచుకున్నారు. 1940లలో బీబీసీ వాళ్ళు ఆ వైపు జనం కోసం నడిపిన రేడియో ప్రోగ్రాం పేరే "వొట్ చియర్ జార్డీ".

ఫ్రెంచివాళ్ళు ఇంకో దారి పట్టారు. "ఫేర్ బొన్ షేర్" అని వాళ్ళకో నుడికారం ఉంది. మాటకి మాట చూస్తే "మంచి మొహం పెట్టడం", అంటే వచ్చినవాణ్ణి నవ్వుతూ ఆదరించడం. ఆదరించడమంటే మరి ఊరికే నవ్వితే సరిపోదు, ఏదో ఒకటి పెట్టాలి. అలా అలా ఇప్పుడు దాని అర్థం "సుష్ఠుగా భోంచేయడం" అయిపోయింది. మొహం నుంచి కంచందాకా వచ్చిందన్నమాట. ఇంగ్లీషు చీర్‌కి కూడా పండగ విందు అనే అర్థం పక్కనే ఉంది.

ఇక మన కంచం దగ్గరికి వద్దాం. గుత్తిలో ఎవరైనా ఎదురైతే వచ్చే మొదటి మాట నమస్కారం కాదు. నమస్కారం బళ్ళో అయివారికి, దండం దేవుడికీ దొరకీ. ఈడువాడికి మాత్రం "ఏమప్పా!" అంతే. తర్వాత "బాగుండావా?", ఆ తర్వాత "తింటివా?". ఈ మూడో ప్రశ్నకి నిజాయితీగా "లేదు" అని చెప్పి చూడండి, చెయ్యి పట్టుకుని ఇంట్లోకి లాక్కుపోతారు. చైనావాళ్ళకి కూడా "తిన్నావా" అనేది పాత పలకరింపే. కరువు చూసిన జనం ఎదుటివాడి క్షేమం కడుపుని బట్టే తెలుసుకుంటారని నాకనిపిస్తుంది.

ఏమప్పా ఎలా తయారైందో చెప్పడానికి భాషాశాస్త్రం చదవక్కర్లేదు. ఏమి + అప్ప. అప్ప అంటే కన్నడంలో నాన్న, తమిళంలోనూ అంతే. మన దగ్గర నాన్న అర్థం పోయి మగవాణ్ణి పిలిచే మాటగా మిగిలింది. కన్నడంవాళ్ళ "ఏనప్పా", మన "ఏమప్పా" పక్కపక్కన పెడితే ఒక అక్షరం తేడా. ఉండదా మరి? గుత్తి దాటితే గుంతకల్లు, అది దాటితే బళ్ళారి. 1882లో అనంతపురం జిల్లాని విడగొట్టేదాకా గుత్తి ఉన్నదే బళ్ళారి జిల్లాలో. సరిహద్దు గీతలు తర్వాత వచ్చాయి, మాటలు అంతకుముందే అటూ ఇటూ తిరిగేశాయి. అన్నట్టు, ఉత్తరాంధ్రలో అప్ప అంటే అక్క. అందుకని శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన సహోద్యోగిని ఏమప్పా అని పిలిస్తే అతని మొహం (చీర్!) ఎలా మారుతుందో ఊహించుకోండి :-)

దీనికో మర్యాద కూడా ఉంది. ఏమప్పా సమానుల మాట. ఆసామి ముందు కూలీ ఏమప్పా అనడు, "దండాలు రెడ్డీ" అనో "సామీ" అనో అంటాడు. అటు నుంచి మాత్రం "ఏమప్పా" రావచ్చు, లేదంటే "ఏమ్రా" వస్తుంది. ఆడవాళ్ళ మధ్య "ఏమక్కా", "ఏమ్మే". ఊరి జనం మనిషిని ఏ మెట్టు మీద నిలబెడతారో రెవెన్యూ రికార్డుల కన్నా ఈ ఒక్క పిలుపులోనే బాగా తెలుస్తుంది. అందరికీ ఒకటే "హాయ్" అని చెప్పుకునే ఆఫీసుల్లో ఉన్న హాయి అదే, ఒప్పుకోవాలి.

బయల్దేరినవాణ్ణి "యాడికి" అని ఎదురుగా అడగకూడదు, అపశకునం. "దూరమా?" అనాలి. గుత్తికి దగ్గర్లోనే యాడికి అనే ఊరుండటం ఈ రూలు పెట్టినవాళ్ళకి గుర్తున్నట్టు లేదు. బస్టాండులో "యాడికికి పోతాండా" అని చెప్పేవాణ్ణి ఏ శకునం కిందకి లెక్కేస్తారో! వెళ్ళేవాడు కూడా "పోతా" అనకూడదు, "పోయొస్తా" అనాలి. ఇంగ్లీషు "గుడ్‌బై" కూడా "దేవుడు నీకు తోడుండుగాక" అనే వాక్యం అరిగిపోయి మిగిలిందే. దారి భయం అందరికీ ఒకటే.

ఇదంతా సరే, ఇంగ్లీషు మాటకీ గుత్తికీ ముడెందుకు పెడుతున్నావని అడుగుతారేమో. ముడి ఉంది. ఆ ముడి పేరు థామస్ మన్రో. 1761లో గ్లాస్గోలో పుట్టినవాడు, 1780లో సిపాయి ఉద్యోగానికి మద్రాసులో దిగాడు. నిజాం 1800లో బళ్ళారి, అనంతపురం, కడప ప్రాంతాలని కంపెనీకి రాసిచ్చేశాక (దత్తమండలాలు అనే పేరు అలా వచ్చిందే) వాటికి ప్రిన్సిపల్ కలెక్టరుగా వచ్చి 1807 వరకు ఉన్నాడు. గుర్రం మీదా గుడారాల్లోనూ ఊరూరూ తిరిగి రైతు రైతుకీ శిస్తు కట్టాడు. రైతువారీ పద్ధతి ఇక్కడ నాటుకుంది అలాగే. తర్వాత మద్రాసు గవర్నరయ్యాడు. 1827లో పదవి దిగి ఇంటికి పోయేముందు ఈ జిల్లాలని ఆఖరుసారి చూసిపోదామని వచ్చి, జూలై 6న పత్తికొండలో కలరాతో చనిపోయాడు. పాతిపెట్టింది గుత్తిలో, కోట కింద ఉన్న దొరల శ్మశానంలో. 1831లో అస్థికలు మద్రాసు కోటలోని సెయింట్ మేరీ చర్చికి తీసుకుపోయారు గానీ, గుత్తిలో ఆయన గుర్తు ఇప్పటికీ ఉంది.

మన్రో మంచివాడా కాదా అనేది పెద్ద వాదన. శిస్తు వసూలు చేసినవాడు ఎంత మంచివాడైనా శిస్తు వసూలు చేసినవాడే అని నా లెక్క. నాకు ఆసక్తిగా అనిపించింది వేరే సంగతి. ఆయన పోయిన చాలా ఏళ్ళకి కూడా దత్తమండలాల్లో జనం పిల్లలకి ఆయన పేరు పెట్టుకునేవాళ్ళని 19వ శతాబ్దపు ఇంగ్లీషు పుస్తకాల్లోనే రాశారు. ఆ పేరు మన్రో కాదు, "మన్రోలప్ప". చూశారా? తిమ్మప్ప, హనుమప్ప, నారప్ప, ఆ పక్కన మన్రోలప్ప. బతికున్నన్నాళ్ళూ కచేరీలో "దొరా" అనిపించుకున్నవాడికి చచ్చాక జనం అప్ప తగిలించారు. ఏమప్పాలోని అప్పే ఇది. గ్లాస్గో పిల్లోణ్ణి తెలుగు రైతు తన వరసలోకి ఇలా కలిపేసుకున్నాడు. విగ్రహం పెట్టడం చందాలతో అయ్యే పని (మద్రాసులో గుర్రం మీద ఉంది చూడండి), అప్ప తగిలించడం చందాలతో అయ్యే పని కాదు.

ఇంగ్లీషువాళ్ళ పలకరింపు ఇంకోచోట దీనికి తిరగేసిన కథ నడిపింది. 1636లో రోజర్ విలియమ్స్ అనే పాస్టరు మసాచుసెట్స్ నుంచి వెలివేయబడి పడవ మీద సీకాంక్ నది దాటుతుంటే, ఒడ్డున రాతి మీద నిలబడ్డ నరగాన్సెట్ తెగవాళ్ళు "వాట్ చీర్, నేటాప్!" అని కేకేశారని అక్కడి కథ. నేటాప్ అంటే వాళ్ళ భాషలో స్నేహితుడు. సగం ఇంగ్లీషు, సగం నరగాన్సెట్. మన "హాయ్ బావా" లాంటి మాట. కథ కాస్త పెంచి చెప్పిందే అయినా మాట మాత్రం నిజంగా ఉండేది. ఎందుకంటే విలియమ్స్ తర్వాత ఆ భాష నేర్చుకుని 1643లో లండన్‌లో ఒక పుస్తకం అచ్చేశాడు. మొదటి అధ్యాయమే పలకరింపుల మీద. ఇంగ్లీషువాళ్ళంతా ఆ తెగవాళ్ళని పలకరించేది ఈ మాటతోనే అని అందులో రాశాడు. ఆయన పెట్టిన ఊరు ప్రావిడెన్స్. ఆ నగరం అధికార ముద్ర మీద ఇవాళ్టికీ "వాట్ చీర్" అని ఉంటుంది. లండన్‌లో అలగా మాటగా చూసేది అక్కడ రాజముద్ర ఎక్కింది. నరగాన్సెట్ల భూమి ఏమైందో అది వేరే కథ, అందులో చీర్ ఏమీ లేదు.

అలగా మాట అన్నాను కదా, నాకు అసలు గుచ్చుకునేది అక్కడే. 1891లో ఆల్బర్ట్ షెవలియర్ అనే నటుడు లండన్ మ్యూజిక్ హాల్ స్టేజి మీద ఒక పాట పాడి పేరు కొట్టేశాడు. ఓల్డ్ కెంట్ రోడ్డులో తోపుడుబండి మీద కాయగూరలమ్ముకునే కుటుంబానికి ఉన్నట్టుండి వారసత్వంగా ఒక గాడిదబండి దక్కుతుంది. వాళ్ళు దాని మీద ఊరేగుతుంటే చుట్టుపక్కలవాళ్ళంతా "వొచ్చర్!" అని కేకలేస్తారు. పాట పేరు మొదలయ్యేదే ఆ మాటతో. షెవలియర్ బండి తోసినవాడు కాదు, బండి తోసేవాళ్ళలాగా మాట్లాడి డబ్బు చేసుకున్నవాడు. ఇంగ్లాండంతా ఆ యాసని విని నవ్వింది. అప్పటినుంచీ వొచ్చర్ అన్నవాడల్లా జనానికి ముత్యాల బొత్తాల కోటు వేసుకున్న జోకరులాగే కనిపించాడు. ఎప్పటినుంచో ఉన్న పలకరింపుకి కామెడీ ట్రాక్ అంటుకుపోయింది.

మనకి ఇది ఎక్కడో చూసినట్టుంది కదూ? 1997లో "ప్రేమించుకుందాం రా"లో జయప్రకాశ్ రెడ్డి సీమ యాసలో విలనీ పండించాడు. ఆయన కర్నూలు జిల్లా మనిషి, ఆ యాస ఆయన సొంతం, అందుకే అంత బాగుంది. (2020లో పోయాడు. ఆ యాసని అంత సహజంగా పలికినవాళ్ళు తెరమీద తక్కువే.) తప్పు ఆయనది కాదు. ఆ తర్వాత 1999లో "సమరసింహారెడ్డి", 2001లో "నరసింహనాయుడు", 2002లో "ఆది", "ఇంద్ర" వరసకట్టాయి. టాటా సుమోలు లేచాయి, బాంబులు పేలాయి. ఈ సినిమాలన్నీ అయ్యేసరికి "ఏమప్పా" అన్నవాడి చేతిలో కత్తి ఉంటుందని మిగతా రాష్ట్రం ఖాయం చేసుకుంది. షెవలియర్ కాక్నీవాణ్ణి జోకరు చేశాడు. మనవాళ్ళు సీమవాణ్ణి హంతకుణ్ణి చేశారు, మధ్యలో కామెడీ కూడా వాళ్ళ మీదే.

నేను కొత్తగా చేరిన ప్రాజెక్టులో మొదటి టీ బ్రేకులోనే ఒకరు "మీది గుత్తా? మరి కొడవలి తెచ్చావా?" అన్నారు. అందరూ నవ్వారు, మర్యాదకి నేనూ నవ్వాను. ఇలాంటివి విన్నవాళ్ళు మన పిల్లల్లో ఎందరో. అందుకే చాలామంది హైదరాబాదో బెంగుళూరో చేరిన ఆరు నెలల్లో "ఉండావా"ని "ఉన్నావా" చేసేస్తారు, "శానా"ని "చాలా" చేసేస్తారు. ఆఫీసులో ఒక భాష, ఇంటికి ఫోన్ చేసినప్పుడు ఒక భాష. యూనికోడ్ లేని రోజుల్లో ఒక ఫాంటు నుంచి ఇంకో ఫాంటుకి మార్చుకున్నట్టు నాలుకని మార్చుకుంటారు. కన్వర్షన్‌లో కొన్ని అక్షరాలు రాలిపోతాయని మనకి తెలియదా? మా వైపు కుర్రాళ్ళు ఇద్దరు లిఫ్టులో కలిస్తే, పక్కన ఇంకెవరూ లేరని చూసుకుని మరీ "ఏమప్పా" అనుకోవడం నేను చూశాను. దొంగసరుకు చేతులు మారినట్టు!

మరి గౌరవంగా నోట్లోకి వచ్చే "హలో"కి ఉన్న వంశమర్యాద ఏపాటిదో చూద్దామా? అది దూరంగా పోతున్నవాణ్ణి, పడవవాణ్ణి ఆపడానికి వేసే కేక. "ఓయ్" లాంటిది. టెలిఫోన్ వచ్చాక గ్రాహంబెల్ "అహోయ్" అనాలన్నాడు, ఎడిసన్ 1877లో "హలో" బాగుంటుందన్నాడు, ఎడిసన్ గెలిచాడు. ఫోను పుణ్యాన గౌరవం దక్కిన కేక అది. ఎదుటివాడి మొహాన్ని గానీ కడుపుని గానీ అది అడగదు. ఏమప్పా దాని కంటే ఏ విధంగా నాటో నాకు ఎవరూ చెప్పలేకపోయారు.

ఇంగ్లాండులో ఇప్పుడు వొచ్చా అనేవాళ్ళు తగ్గారు. "ఆల్‌రైట్?" ఎక్కువ. దానికీ జవాబు అక్కర్లేదు. ఆన్‌సైట్‌కి కొత్తగా పోయినవాళ్ళు అది నిజం ప్రశ్న అనుకుని "లేదండీ, రాత్రి నిద్ర పట్టలేదు, జలుబు చేసింది" అని మొదలుపెడతారు. అవతలివాడు అప్పటికే కారిడారు దాటేసి ఉంటాడు. ప్రశ్న అరిగిపోయి ఉత్త శబ్దం మిగిలిన చోట ఇలాగే ఉంటుంది. మన "బాగుండావా" కూడా అదే దారిలో ఉంది, అబద్ధమెందుకు. ఎవడు ఎంత అప్పులో ఉన్నా "బాగుండా" అనే అంటాడు.

అరగని ప్రశ్న ఒకటుంది మాకు. దేశంలో జైసల్మేర్ తర్వాత అతి తక్కువ వానపడే జిల్లా అని అనంతపురం గురించి చిన్నప్పటినుంచీ వింటూ పెరిగాం. ఏడాది మొత్తానికి 550 మిల్లీమీటర్ల చిల్లర. అందులోనూ శెనక్కాయ వేసే నెలల్లో పడకపోతే మిగతాది పడినా పడనట్టే. అందుకే జూన్ వచ్చిందంటే గుత్తిలో ఏమప్పా తర్వాత బాగుండావా రాదు. "మీ పక్క వానొచ్చిందా?" అని వస్తుంది. దీనికి మాత్రం ఎవరూ మాటవరసకి జవాబు చెప్పరు. ఏ ఊరు దాకా వచ్చింది, ఏ గట్టు దగ్గర ఆగిపోయింది, పదునైందా లేదా, ఇత్తనం వేయొచ్చా ఇంకో వాన కోసం చూడాలా, అన్నీ చెబుతారు. బెంగుళూరులో ఏసీ రూములో కూర్చుని కోడు కొట్టేవాడు కూడా ఇంటికి ఫోన్ చేసి మొదట అడిగేది అదే. అటునుంచి "సగం పదునైంది" అని వస్తే, ఆ మిగతా సగం ఎప్పుడు పడుతుందా అని ఆ రాత్రి ఫోనులో గుత్తి వెదర్ ఇంకో రెండుసార్లు చూసుకుని పడుకుంటాడు.